మొదటి ఇంట్లో చెప్పిన కథ

నళిని ఏదో దాస్తోందని భాగ్యశ్రీకి కూర్చున్న పావుగంటలోనే అర్థమైంది. ఏం దాస్తోందో మాత్రం అంతుపట్టలేదు. దాచుకునేవాళ్లు మామూలుగా మాటలు పొదుపు చేస్తారు. ఈ పిల్ల అడిగినదానికీ అడగనిదానికీ కూడా జవాబు చెబుతోంది. ఒక్క గదికి తాళం వేసి మిగతా ఇల్లంతా తలుపులు బార్లా తెరిచి చూపించినట్టుంది ఆ వరస.

"మళ్ల మొదటి నుంచి చెప్పు నళినీ," అంది భాగ్యశ్రీ. "ఈసారి జర నిమ్మలంగ."

భాగ్యశ్రీ ఆఫీసు నారాయణగూడలో ఒక జిరాక్స్ దుకాణం మీది ఒంటి గది. కాలిన దుకాణాలు, తడిసిన గోదాములు తిరిగి చూసి బీమా కంపెనీలకు నష్టం లెక్కగట్టి ఇచ్చే సర్వేయర్ దగ్గర పదేళ్లు పనిచేసి, ఆయనతో పడక బయటికొచ్చి, డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది. జనగామ పక్క పల్లెలో ఆమె తాత ఎడ్ల బేరగాడు. ఎద్దు పళ్లకన్నా ముందు దాన్ని పట్టుకొచ్చినవాడి మొహం చూసేవాడు. ఆయన ఆస్తిలో ఆమె వంతుకు వచ్చింది ఆ చూపొక్కటే. ఈ పొద్దు అది కూడా పనిచేయడం లేదు.

నళిని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. సిద్దిపేట దగ్గరి ఊరు, యూనివర్సిటీలో పీహెచ్‌డీ, మూడో ఏడు. యుద్ధం, ఉగ్రవాదం వల్ల వచ్చే నష్టానికి మామూలు జనం బీమా ఎందుకు చేయించుకోరన్నది ఆమె పరిశోధన. ఇళ్లకూ దుకాణాలకూ యుద్ధం మీద ఎవరూ బీమా ఇవ్వరు. ఉగ్రవాదం మీద ఇస్తారు గానీ మామూలు అగ్నిప్రమాద పాలసీతో అది కలిసి రాదు. నోరు తెరిచి అడిగి, పైన కొంత కట్టి వేరేగా తీసుకోవాలి. సరిహద్దులో కాల్పులు మొదలైన వారం అందరూ దాని గురించి అడుగుతారు, ఆగిపోయిన వారం అందరూ మరిచిపోతారు.

చిక్కడపల్లి, అశోక్ నగర్ గల్లీల్లో రీడింగ్ హాళ్లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు నడిపేవాళ్లను ఈ సంగతి అడగబోతే, పొద్దుపొద్దున్నే గుమ్మంలో బాంబు మాట ఎత్తావని తలుపులు వేసుకున్నారు. అందుకని ప్రశ్నలు మానేసి కథ చెప్పడం మొదలుపెట్టింది. పరీక్ష రోజు పిల్లలంతా రాయడానికి పోయారు, రీడింగ్ హాలు ఖాళీగా ఉంది, ఒక కుర్చీ మీద సంచి ఉంది, ఎవరో సీటు ఆపుకున్నారనుకుని దాన్నెవరూ ముట్టలేదు, మధ్యాహ్నం అది పేలింది, మనుషులకేం కాలేదు గానీ హాలు పోయింది. ఇప్పుడు చెప్పండి, మీరైతే ఆ బీమా తీసుకుంటారా? ఇదీ కథ. ఎండలో ఒక్కదాన్నే తిరిగి నలభై ఇళ్లలో ఈ కథ చెప్పానంది నళిని. ఒక్కదానివే తిరిగావా అని భాగ్యశ్రీ అడగనే లేదు.

పోయిన ఆదివారం అశోక్ నగర్‌లో అనసూయమ్మ రీడింగ్ హాలు పేలింది. పరీక్ష రోజే, మధ్యాహ్నమే, ఖాళీ హాలే, సంచే. కథ విన్నవాళ్లలో ఎవరో పోలీసులకు ఫోన్ చేసి ఆ పిల్ల ఇదంతా ముందే చెప్పిందన్నారు. పోలీసులు రెండుసార్లు ఇంటికొచ్చారు. ఈ రోజు గురువారం, సాయంత్రం ఐదింటికి స్టేషన్‌కు రమ్మన్నారు.

"రమ్మనుడు వేరు, పట్టుకునుడు వేరు," అంది భాగ్యశ్రీ, ధైర్యం చెప్పడానికి.

"రెండు జతల బట్టలు గూడ తెచ్చుకోమన్నడక్కా, ఆ కానిస్టేబుల్," అంది నళిని. "నా మీద జాలిపడి చెప్పిండు."

ఉగ్రవాదం కేసులో ఒకసారి లోపలికి పోతే బెయిలు మాట ఏళ్ల తరువాతి సంగతి. అప్పుడు టైము పదిన్నర. చిక్కడపల్లి లైబ్రరీలో పదిమంది కళ్ల ముందు కూర్చోమనీ, ఫోన్ చేతిలోంచి దించొద్దనీ చెప్పి నళినిని పంపించి, భాగ్యశ్రీ అశోక్ నగర్ బయల్దేరింది.

*

అనసూయమ్మ అరవై దాటిన మనిషి. భర్త కట్టిన ఇంట్లో కింద తను ఉంటూ రెండో అంతస్తును రీడింగ్ హాలు చేసింది. భాగ్యశ్రీ మెట్లెక్కక ముందే, పేలింది ఇన్వర్టర్ బ్యాటరీ అని చెప్పేసింది. పైకెళ్లాక ఇంకోసారి చెప్పింది. గోడకు చెయ్యి ఆనించి మూడోసారి కూడా చెప్పింది.

ఆమె బాధ భాగ్యశ్రీకి తెలుసు. ఈ ఇంటికి మామూలు పాలసీ ఒక్కటే ఉంది. బ్యాటరీ పేలితే అది ప్రమాదం, బీమా వస్తుంది. ఉగ్రవాదమైతే చిల్లిగవ్వ రాదు. అందరికన్నా ఎక్కువ అబద్ధం చెప్పే హక్కు ఈ ముసలామెకే ఉందనుకుంది.

కానీ బ్యాటరీలు రెండూ హాలు చివర అల్మారాలో దుమ్ము పట్టి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూతలు కూడా ఊడలేదు. భాగ్యశ్రీ వాటిని చూసి, అనసూయమ్మను చూసి, వెనక్కి తిరిగింది. కాలినచోట ముందు మసి ఎటు నుంచి ఎటు పోయిందో చూడాలి. మసి హాల్లోంచి బయటికి రాలేదు, బయటి నుంచి లోపలికి పోయింది. తలుపు రెక్క లోపలికి విరిగి పడింది. తలుపు పక్క కర్టెన్లు అంటుకుని, వాటి నుంచి ప్లైవుడ్ అరలు, కుర్చీలు కాలాయి. పేలినది గుమ్మం అవతల, మెట్ల పక్కనున్న ఇనప చెప్పుల స్టాండులో. దాని అడుగు అర పైకి ఒంగిపోయి మధ్య అరకు అతుక్కుంది.

భాగ్యశ్రీ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కింద చతికిలబడింది. గోడకు మేకు గుచ్చుకున్న గుర్తు ఒక్కటీ లేదు. గోలీలు లేవు, ఇనప ముక్కలు లేవు. ఇంకా పోని వాసన మాత్రం పటాకుల మందుది. మనుషులను చంపాలనుకున్నవాడు సంచిలో ఇంకేదో కూరతాడు. ఈ సంచి కట్టినవాడికి చప్పుడు కావాలి, మంట కావాలి, అంతే.

"సంచి ఇక్కడ పెట్టిన్రమ్మా," అంది, అడుగు అర చూపించి.

అనసూయమ్మ ఆ అర వంక చూసింది. బ్యాటరీ మాట మళ్లీ ఎత్తలేదు.

"నా హాలు పిల్లలైతే పెట్టలే బిడ్డా," అంది. "పుస్తకాల సంచి చెప్పుల కాడ పెట్టే పిల్లగాడు ఇక్కడ లేడు. పుస్తకానికి కాలు తగిలితేనే కండ్లకద్దుకుంటరు. సీటు ఆపుకోవాలంటే కుర్చీ మీద పెట్టిపోతరు, నడిమిట్ల బాటల పెట్టిపోతరు, గంత లొల్లి పెట్టుకుంటరు గాని ఇక్కడ పెట్టరు."

భాగ్యశ్రీకి మొదటిసారి కొంచెం ఊపిరి ఆడింది. నళిని కథలో సంచి కుర్చీ మీద ఉంది. ఇక్కడ చెప్పుల స్టాండులో ఉంది. పేపర్లన్నీ రీడింగ్ హాల్లో సంచి అని రాశాయే గానీ ఈ ముక్క ఎవరూ రాయలేదు. కథ విని చేసినవాడైతే కథలో ఉన్నట్టే చేసేవాడు. అంటే కథకూ దీనికీ సంబంధం లేదు, రెండూ ఒకేలా ఉండటం కాకతాళీయం. అలా అనుకుని రెండు మెట్లు దిగిందో లేదో ఆ ఊపిరి మళ్లీ బిగిసింది. పరీక్ష రోజు, మధ్యాహ్నం, ఖాళీ హాలు, సంచి. నాలుగు కలిశాక ఐదోది కలవకపోతే కాకతాళీయమా? ఈ మాటకు పోలీసులు నవ్వుతారు.

పిల్లలందరూ ఇప్పుడెక్కడ చదువుకుంటున్నారని అడిగితే, నారాయణగూడలో పోచయ్య అనే ఆయన మంచి మనసుతో తన ఫంక్షన్ హాలు ఖాళీగా ఉందని ఇచ్చాడనీ, ఈ పొద్దున్నుంచే అక్కడ కూర్చుంటున్నారనీ చెప్పింది. వచ్చే వారం ఇంకో పరీక్ష ఉందట.

*

కింద గేటు దగ్గర జగదీశ్వర్ ఎదురయ్యాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కెమెరా. బీమా కంపెనీ తరఫున ఈ నష్టాన్ని తేల్చే సర్వేయర్ ఆయనే. భాగ్యశ్రీ పదేళ్లు పనిచేసింది కూడా ఆయన దగ్గరే.

"ఏం భాగ్యా, నా దగ్గర నేర్చుకున్న పని నా మీదికే తెచ్చినవా?"

"మీ దగ్గర నేర్చుకున్నది మరిచిపోతానికే రెండేండ్లు పట్టింది సార్."

ఆయన నవ్వాడు. తనది అయిపోయిందనీ, ఉగ్రవాదమని తేల్చేశాననీ, సాయంత్రం రిపోర్టు పంపిస్తున్నాననీ చెప్పాడు. అనసూయమ్మ పై మెట్టు మీద నిలబడి వింటోందని ఆయనకు తెలుసు. గొంతు తగ్గించలేదు.

"ఎవరి వాదం సార్?" అంది భాగ్యశ్రీ. "మీ పాలసీల ఏమున్నది? మతం కోసమో, రాజకీయం కోసమో, ఏదో ఒక సిద్ధాంతం కోసమో చేస్తేనే అది ఉగ్రవాదం. పగతోటి, పాడుబుద్ధితోటి చేస్తే అది వేరే లెక్క. దానికి మామూలు పాలసీల్నే ఇయ్యాలె. బాంబు ఎంత పెద్దదన్నది కాదు, పెట్టినోని మనసుల ఏమున్నదన్నది చూడాలె. ఈ ముక్క మీరే చెప్పిన్రు నాకు."

"ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, మేమే చేసినం అని ఒక సంస్థ పేరు చెప్పిన్రు. మనసుల ఏమున్నదో వాళ్లే చెప్పినంక నీకు నాకు పంచాదేంది?"

"ఆ పేరు అంతకుముందు ఎప్పుడన్న విన్నరా?"

"కొత్తది పుట్టొద్దా మరి?"

"ఖాళీ హాల్ల, పటాకుల మందుతోటి పుట్టిందా?"

జగదీశ్వర్ మొహంలో నవ్వు కొంచెం పలచబడింది. దగ్గరికొచ్చి, ఈ సారి నిజంగానే గొంతు తగ్గించాడు. నళిని సాయంత్రం లోపలికి పోతుంది. పోయిందంటే అది పోలీసుల లెక్కలో ఉగ్రవాదం కేసు. పోలీసుల లెక్క అదైతే తన రిపోర్టును ఏ కోర్టూ కదపలేదు. ఇదంతా ఆయన పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"ఆ పిల్ల ఏమైతే మీకేంది?" అంది భాగ్యశ్రీ.

"నాకేం లేదు. ఆ పిల్లకు ఇదంత ఎందుకని అడుగు. బీమా మీద చదువుతానికి బాంబు కథలెందుకు?" కెమెరా మూత తీస్తూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఇంకో ముచ్చట చెప్తా, ఇన్ని. ఇంత జరిగింది గదా, ఏజెంట్లంత నాలుగు రోజుల నుంచి ఈ గల్లీలల్ల తిరుగుతున్నరు, ఉగ్రవాద బీమా తీసుకోన్రి అని. ఒక్కడు సంతకం పెట్టలే. అయిందేదో అయిపోయింది, మా గల్లీ వంతు తీరిపోయింది అంటున్నరు. మన జనానికి ఒక దెబ్బ సరిపోదు."

*

ఆటోలో కూర్చున్నాక భాగ్యశ్రీ బుర్ర పూర్తిగా గందరగోళమైంది. ఏ నేరానికైనా ఎవడికో ఒకడికి లాభం ఉంటుంది. ఇక్కడ అందరికీ నష్టమే కనిపిస్తోంది. అనసూయమ్మ హాలు పోయింది. కంపెనీకి డబ్బు మిగిలినా, అది కావాలని బాంబు పెట్టించే కంపెనీ ఎక్కడా ఉండదు. బీమా అమ్మేవాళ్లకు లాభమా అంటే, ఒక్కడూ కొనలేదని జగదీశ్వరే చెప్పాడు. నళినికి ఏం లాభం? ఆమె కథ నిజమైంది. పరిశోధన చేసేవాళ్లకు తమ కథ నిజమైతే సంతోషమా? భాగ్యశ్రీకి ఆ లోకం తెలియదు. తెలియనిచోట ఏదైనా ఉండొచ్చనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

లైబ్రరీ దగ్గర దిగేసరికి రెండు దాటింది. బయట మెట్ల మీద, ఎదురుగా తెరవని పుస్తకం పెట్టుకుని నళిని కూర్చుని ఉంది. పక్కన బట్టల సంచి.

"ఒక మంచి ముచ్చట," అంది భాగ్యశ్రీ పక్కన కూర్చుంటూ. "నీ కథల లెక్క సంచి కుర్చీ మీద లేదు. బయట చెప్పుల స్టాండుల పెట్టిన్రు."

నళిని చటుక్కున ఆమె వైపు తిరిగింది.

"కింది అరలనా?" అంది.

ఎదుట రోడ్డు మీద బస్సు ఒకటి ఆగి, జనాన్ని దింపి, వెళ్లిపోయింది. భాగ్యశ్రీ కింది అర అని అనలేదు. పేపర్లు కూడా రాయలేదు. చూసినవాళ్లకో, పెట్టినవాళ్లకో తప్ప ఆ మాట తెలిసే వీలు లేదు. తాత చూపు ఇంత మోసం చేసిందా?

"నళినీ, పెట్టింది నువ్వేనా?"

"కాదక్కా. కాని ఆ కథ గూడ నాదే."

ఇక తాళం వేసిన గది తెరుచుకుంది. నలభై ఇళ్లలో చెప్పింది రెండో కథ. దానికి ముందు ఇంకోటి ఉంది. ఆమె పీహెచ్‌డీ గైడు ఢిల్లీలో కూర్చుని రాసి పంపించిన కథ. అందులో సంచి చెప్పుల స్టాండు కింది అరలో ఉంటుంది. దాన్ని ఒక్క ఇంట్లో, మొదటి రోజు, మొదటి ఇంట్లో చెప్పింది. ఆ ఇంటాయన విని పకపకా నవ్వాడు. చెప్పుల దగ్గర పుస్తకాల సంచి ఎవడు పెడతాడమ్మా, కుర్చీ మీద పెట్టు, సీటు ఆపుకున్నాడనుకుంటారు అని దిద్దాడు. తనకూ సిగ్గేసింది. పల్లెలో పుట్టి, పుస్తకాన్ని కళ్లకద్దుకుంటూ పెరిగి కూడా ఢిల్లీవాళ్లు రాశారని అలాగే అప్పజెప్పింది. ఆ రాత్రే కథ మార్చేసి, ఆ మొదటి ఇంటిని లెక్కలోంచి తీసేసింది. పోలీసులకు చెప్పలేదు, ఎందుకంటే లెక్కలో లేని ఇల్లు అప్పుడు తనకే గుర్తు రాలేదు.

"ఎవరిల్లు అది?"

"నారాయణగూడల, ఫంక్షన్ హాలు. పోచయ్య అని."

ఆ పేరు భాగ్యశ్రీ ఈ పొద్దున్నే అనసూయమ్మ నోట విన్నది. నంబరు తీసుకుని, స్పీకర్ పెట్టి పోచయ్యకు ఫోన్ చేసింది. ఆయన పెళ్లి పని మీద భువనగిరిలో ఉన్నాడు. వెనక బ్యాండు మోత. నళిని అంటే గుర్తుపట్టాడు. కథ మాత్రం సరిగా గుర్తు లేదన్నాడు, చెప్పుల సంగతి దిద్దానన్నది తప్ప.

"మంచి పిల్లనే అమ్మా. ఇద్దరాడోళ్లకు చాయ్ బోపిచ్చి పంపిన."

"ఇద్దరెవరు?"

"ఈ పిల్ల, మన ఏజెంటమ్మ అనిత. ఆమెనే గదా తోలుకొచ్చింది. లేకుంటే ఎవలో తెల్వని పిల్లను నేనెందుకు కూసోబెట్టుకుంట? ఇప్పుడు గూడ ఆ రీడింగ్ హాలు పిల్లలకు జాగ ఇయ్యమని ఆమెనే అడిగింది. పొద్దుగాలొచ్చి కుర్చీలు గూడ ఆమెనే ఏపిచ్చింది. తాళాలు ఆమె దగ్గర్నే ఉన్నయి."

భాగ్యశ్రీ ఫోన్ పెట్టేసి నళిని వైపు తిరిగింది. ఒక్కదాన్నే తిరిగానని అడగకుండానే ఎందుకు చెప్పిందో ఇప్పుడు తెలిసింది.

నళిని ఇక ఆ సంగతీ చెప్పేసింది. అనిత ఈ గల్లీలన్నిటికీ బీమా ఏజెంటు, ప్రతి ఇంటి గుమ్మం తెలిసిన మనిషి. తెలిసినవాళ్లు పక్కన లేకపోతే ఇక్కడ ఎవరూ నోరు విప్పరు. అందుకని ఆమెను బతిమాలి నలభై ఇళ్లకూ వెంటబెట్టుకు తిరిగింది. కానీ బీమా అమ్మే మనిషిని పక్కన పెట్టుకుని, బీమా కొంటారా అని అడిగితే ఆ జవాబులకు విలువ ఉండదు. ఆమె మొహం చూసి, మొహమాటానికి ఔనంటారు. ఈ సంగతి గైడుకు తెలిస్తే మూడేళ్ల పని చెత్తబుట్టలోకి పోతుంది. గైడుకు చెప్పలేదు కాబట్టి పోలీసులకు చెప్పలేదు. పోలీసులకు చెప్పలేదు కాబట్టి నీకూ చెప్పలేదంది.

"బట్టల సంచి సర్దుకున్నవు గాని ఈ మాట చెప్పలేవా?" అంది భాగ్యశ్రీ.

"ఆమె అట్లాంటిది కాదక్కా. తిరిగి తిరిగి నేను ఎండల సొమ్మసిల్లితే ఇంటికి తీస్కపోయి అన్నం పెట్టింది. ఈ ఏడు టార్గెట్ కాకుంటే ఏజెన్సీ పోతదని ఏడ్చింది గని, ఎవ్వరి పాణం మీదికన్న తెచ్చే మనిషి కాదు."

భాగ్యశ్రీకీ నమ్మబుద్ధి కాలేదు. కానీ ఒక దెబ్బ సరిపోదన్న జగదీశ్వర్ మాట చెవిలో మోగుతోంది. ఆ మాటకు అర్థం తెలిసినట్టే ఉంది, అందడం లేదు. ఆమె నెమ్మదిగా అడిగింది. "ఆ మొదటి కథ హాలు పేలుడుతోటి అయిపోతదా?"

నళిని పక్కనున్న బట్టల సంచిని దగ్గరికి లాక్కుంది.

"కాదు. రెండు భాగాలు."

మొదటి భాగంలో పక్క గల్లీ రీడింగ్ హాలు పేలుతుంది, మనిషికేం కాదు. ఇప్పుడు బీమా కొంటారా అని అడగాలి. పోచయ్య కొననన్నాడు, వాళ్ల పీడ వాళ్లతో పోయిందన్నాడు. రెండో భాగంలో ఆ పిల్లలను తెచ్చి మీ ఫంక్షన్ హాల్లో కూర్చోబెడతారు. నాలుగు రోజులకు, మధ్యాహ్నం మూడింటికి, హాలు నిండా పిల్లలుండగా స్టేజీ కింద ఎడమ పక్కన రెండో సంచి పేలుతుంది. ఇప్పుడు కొంటారా?

"ఏమన్నడు?"

"అప్పుడు కొనకేం జేస్తం అన్నడు. ఈ వాడల అందరు కొంటరు అన్నడు." నళిని రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది. "అనితక్క పక్కనే ఉన్నది."

రెండూ ఇరవై ఎనిమిది అయింది. ఆ రెండో సంచి నిజంగా ఉందో, అనిత కథను సగంలో ఆపేసిందో, అసలు అనితేనో కాదో, భాగ్యశ్రీకి తెలియదు. తెలుసుకోవడానికి టైము లేదు. పోచయ్యకు మళ్లీ చేసింది, ఎత్తలేదు. పోలీసు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి ఫంక్షన్ హాల్లో బాంబు అనుమానం ఉందని, వెంటనే ఖాళీ చేయించమని చెప్పింది. అవతలి మనిషి విసుగును దాచుకోలేదు. ఆదివారం నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయనీ, పొద్దున్నే ఒక హాస్టలు ఖాళీ చేయిస్తే లోపల టిఫిన్ డబ్బా దొరికిందనీ చెప్పాడు. ఎలా తెలుసని అడిగాడు. ఒక కథలో ఉందని చెప్పలేక ఆమె నసిగింది. రాసుకున్నాం, పెట్రోలింగ్ వాళ్లను పంపిస్తాం అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు.

నళిని చెయ్యి చాచింది. "ఫోన్ ఇటియ్యి అక్కా."

"వద్దు. నీ నోటితోటి చెప్తే నువ్వే పెట్టినట్టు రాసుకుంటరు. ఇంక నిన్ను నేను గాదు, ఎవ్వరు బయటికి తేలేరు."

"నేను చెప్తేనే నమ్ముతరు," అంది నళిని. "నన్నొక్కదాన్నే గదా వాళ్లు నమ్మేది."

ఫోన్ తీసుకుని, మళ్లీ కంట్రోల్ రూముకే కలిపి, లేచి నిలబడింది. క్లాసులో పాఠం అప్పజెప్పే పిల్లలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"సార్, నా పేరు నళిని. ఆదివారం కేసుల సాయంత్రం ఐదింటికి మీరు రమ్మన్న నళినిని. నారాయణగూడల పోచయ్య ఫంక్షన్ హాల్ల స్టేజీ కింద, ఎడమ దిక్కు ఇంకో సంచి ఉన్నది. మూడింటికి పేలుతది."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు భాగ్యశ్రీకి కూడా వినిపించింది. గొంతు మారింది. నీకెట్ల తెలుసు, ఎక్కడున్నవు అని ఒకేసారి అడిగాడు.

"ఆ కథ నేనే చెప్పిన సార్. ముందు పిల్లలను బయటికి పంపున్రి. నేను చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఉన్న. ఎక్కడికి పోను."

ఆమె ఫోన్ తిరిగివ్వగానే భాగ్యశ్రీ రోడ్డు మీదికి పరుగెత్తి, మనుషులున్న ఆటోకు అడ్డంగా నిలబడి, వాళ్లను దింపి తను ఎక్కింది. నారాయణగూడ పోనియ్యమంది. ఆటోలోంచే అనసూయమ్మకు ఫోన్ చేసి, ఉన్నపళంగా ఫంక్షన్ హాలుకు ఉరకమనీ, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి బయటికి లాక్కురమ్మనీ చెప్పింది. ముసలామె ఎందుకని అడగలేదు. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగుతున్నట్టు అడుగుల చప్పుడు వినిపించింది.

రెండూ నలభై. చౌరస్తా దగ్గర బండ్లు కదలడం లేదు. భాగ్యశ్రీ తల బయటపెట్టి చూసింది. దూరం నుంచి సైరన్ వినిపించింది. ఆమె ప్రాణం లేచొచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు. పోలీసు బండి చౌరస్తాలో తిరిగి, నారాయణగూడ వైపు పోకుండా, ఆమె ఆటోను ఒరుసుకుంటూ ఎదురుగా దూసుకుపోయింది, చిక్కడపల్లి లైబ్రరీ వైపు. ముందు సీట్లో అధికారి పిస్తోలు మీద చెయ్యేసి కూర్చున్నాడు.

భాగ్యశ్రీ నారాయణగూడ రోడ్డు వంక చూసింది, వచ్చిన దారి వంక చూసింది. ఆ పోలీసు బండి వెనక, హాలు వైపు తిరిగే బండి ఇంకోటి లేదు.